టీవీలో ఏడ్చిన అమ్మాయి

2011లో లండన్‌లో ఎమ్మెస్సీ చదువుతూ ఓ సీడీల షాపులో పనిచేసేవాణ్ణి. స్టూడెంట్ వీసా మీద వారానికి 20 గంటలకు మించి పని చెయ్యకూడదు. ఆ కాస్త పనైనా ఎన్నాళ్లుంటుందో తెలీదు. కుర్రకారంతా పాటలు డౌన్‌లోడ్ చేసుకుంటున్నారు. సీడీలు కూడా అమ్మే వూల్‌వర్త్స్ దుకాణాలు అప్పటికే మూతపడ్డాయి. మా షాపులోనూ సీడీల చోటులోకి హెడ్‌ఫోన్లు, వీడియో గేములు వచ్చేస్తున్నాయి.

ఫిబ్రవరి 15 రాత్రి ఓటూ అరీనాలో బ్రిట్ సంగీత అవార్డుల పండగ జరిగింది. నేను చూళ్లేదు. మర్నాడు షిఫ్టులో ఉండగా ఓ పెద్దావిడ వచ్చి, "రాత్రి టీవీలో పాడుతూ ఏడ్చిందే, ఆ అమ్మాయి సీడీ ఉందా?" అంది. గాయని పేరూ తెలీదు, పాట పేరూ తెలీదు. వెనకాల సిమెంటు మరకల బూట్లతో నిలబడ్డ మనిషి, "నాకూ అదే ఇవ్వు" అన్నాడు.

గదికెళ్లి ల్యాప్‌టాప్‌లో చూశాను. పక్కన పియానో, మైకు ముందు అడెల్. డాన్సర్లు లేరు, హంగామా లేదు. 'సమ్‌వన్ లైక్ యూ' ముగిసేసరికి ఆమె కళ్లలో నీళ్లు. టాటెన్‌హమ్‌లో పుట్టి, క్రాయిడన్ బ్రిట్ స్కూల్లో సంగీతం చదువుకున్న ఆ పిల్లకి అప్పుడు 22 ఏళ్లు.

ఆ ఆదివారం చార్టులో ఆ పాట 47వ స్థానం నుంచి ఏకంగా ఒకటికి ఎగబాకింది. సింగిల్స్‌లో రెండు, ఆల్బమ్స్‌లో రెండు ఒకేసారి మొదటి ఐదింట్లో నిలవడం 1964లో బీటిల్స్ తర్వాత బతికున్న కళాకారులెవరికీ దక్కలేదట. నన్ను ఆశ్చర్యపరిచింది మాత్రం కౌంటర్ ముందున్న జనం. సీడీ కొని ఏళ్లయిన వాళ్లు, టాక్సీ డ్రైవర్లు, ఆస్పత్రి యూనిఫాం మార్చుకోకుండా వచ్చిన నర్సులు! ఆ పాటున్న '21' ఆల్బమ్ తీసుకెళ్లినవాళ్లు వారం తిరక్కుండా వచ్చి, అంతకుముందు వచ్చిన ఆమె ఆల్బమ్ '19' కూడా అడిగేవారు.

ఆ ఏడు చివర్లో గొంతులో రక్తస్రావమై ఆమె కచేరీలు రద్దు చేసుకుంది. నవంబరులో బోస్టన్‌లో ఆపరేషన్. "పిల్ల గొంతు నయమైందా?" అని మమ్మల్నే అడిగేవారు, మేమేదో ఆమె చుట్టాలమైనట్టు. తర్వాతి ఫిబ్రవరిలో ఆరు గ్రామీలు అందుకుని ఆమే జవాబు చెప్పింది.

2015 నవంబరులో '25' వచ్చేనాటికి నేను ఆఫీసు ఉద్యోగంలో ఉన్నాను. ఆల్బమ్‌ని మొదట్లో స్ట్రీమింగ్‌కి ఇవ్వలేదు. కావాలంటే కొనాల్సిందే. బ్రిటన్‌లో తొలివారమే 8 లక్షల కాపీలు అమ్ముడయ్యాయి.

2017 జూన్ 28న వెంబ్లీ స్టేడియంలో ఆమెను కళ్లారా చూశాను. మైదానం నడిబొడ్డున వేదిక, చుట్టూ దాదాపు 98 వేల మంది. మా వరుసలో అమ్మమ్మా, కూతురూ, మనవరాలూ. షాపులో ఒకరి తర్వాత ఒకరుగా చూసిన మనుషులంతా అక్కడ ఒక్కచోట చేరినట్టుంది. ఆ మర్నాడూ పాడింది. చివరి రెండు కచేరీలకు స్వరతంత్రులు మొరాయించాయి. ఇంతమందిని పోగుచేసిన గొంతే ఆ మోత భరించలేకపోయింది.

రద్దయిన జులై 1 టికెట్టు మా ఆఫీసులో ఒకావిడ దగ్గరుంది. "డబ్బు వెనక్కొస్తే సరిపోతుందా? ఇంక ఆవిడ పాటే వినను" అని అందరి ముందూ ఒట్టేసింది. 2021లో '30' విడుదలైన రోజున, మధ్యాహ్నం భోజనానికి కూడా ఆగకుండా వెళ్లి కొనుక్కొచ్చింది.