ఢిల్లీ బండి... ఆటోనగర్ దారి!

60 లక్షల బండి 14 లక్షలకే వస్తుందంటే ఎవరికి ఆశ పుట్టదు? మా బావకీ పుట్టింది. ఢిల్లీ వెళ్లి కొన్నాం. చక్కగా నడుపుకుంటూ వచ్చేద్దామనుకున్నాం. తీరా చూస్తే, ఊళ్లో దర్జాగా దిగాల్సిన బండి లారీ ఎక్కి విజయవాడ ఆటోనగర్‌లో దిగింది. ఆ ప్రయాణం నేర్పిన పాఠాలే ఇవి.

మా అక్కవాళ్లది ఉయ్యూరు దగ్గర పల్లెటూరు. బావకి ఎరువుల దుకాణం, కొంచెం చెరకు పొలం. ఇరవై ఏళ్లు బైకు మీదే తిరిగిన మనిషి. తోడల్లుడు పెద్ద కారు కొన్నాడని తెలిసిన రోజు నుంచీ ఆయన మనసు మనసులో లేదు. కొత్తది కొనే స్తోమత లేదు. 'ఢిల్లీలో సగానికి సగం కూడా ఉండదంట బావమరిదీ, నీకు హిందీ వచ్చుగా, తోడు రా' అన్నాడు. డబ్బు ఎక్కడిదని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. అక్క మాత్రం లోపలికి పిలిచి చెప్పింది. అందులో ఆరు లక్షలు మా మేనకోడలు అమెరికా చదువు కోసం దాచినవి!

అది 2023 డిసెంబరు.

అక్కడే ఎందుకంత చవక?

ఢిల్లీలో పాత డీజిల్ బండ్ల ధరలు పడిపోవడానికి కారణం ఉంది. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలు తిరగకూడదని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2015లో ఆదేశించింది. 2018లో సుప్రీంకోర్టు కూడా దాన్నే ఖాయం చేసింది. 2025లో కొంత సడలింపు వచ్చింది కానీ, మేం వెళ్లేనాటికి ఆ కత్తి వేలాడుతూనే ఉంది. తొమ్మిదో ఏడు రాగానే యజమానులు వచ్చినకాడికి అమ్మేసేవారు. ఆ బండ్లు ఎన్‌వోసీ పట్టుకుని వేరే రాష్ట్రాల దారి పట్టేవి.

కరోల్‌బాగ్ వీధుల్లో నడుస్తుంటే పాత బండ్ల సంతలో ఉన్నట్టే ఉంటుంది. ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన కార్లు, అద్దాల మీద సున్నంతో రాసిన మోడల్ సంవత్సరాలు, చేతిలో గుడ్డతో తుడుస్తూనే ఉండే కుర్రాళ్లు. మాకు నచ్చింది 2014 మోడల్. నల్లటి రంగు. తోలు సీట్లు, పైకప్పులో అద్దం, మీట నొక్కితే పైకి లేచి కిందికి దిగే గాలి సస్పెన్షన్. మీటరు 62 వేల కిలోమీటర్లు చూపిస్తోంది. బావ ఆ మీట నాలుగుసార్లు నొక్కాడు. బండి ఏనుగులా లేచింది, ఏనుగులా కూర్చుంది. అంతే, ఆయన పడిపోయాడు!

మేం వెళ్లేసరికే ఇంజిన్ వేడిగా ఉంది. 'మీ కోసమే స్టార్ట్ చేసి ఉంచాం సార్' అన్నాడు అమ్మకందారు. ఎంత మర్యాదో అనుకున్నాం. అది మర్యాద కాదని తెలియడానికి 1,800 కిలోమీటర్లు పట్టింది.

మెకానిక్‌కి చూపిద్దామని నేను ఒకసారి అన్నాను. 'ఇంత పెద్ద బండికి ఏమవుద్దిరా' అన్నాడు బావ. నేను రెండోసారి అనలేదు. ఆ తప్పు నాది.

చంబల్ దాటాక...

మర్నాడు పొగమంచు విడిచాక పది గంటలకు బయల్దేరాం. మథుర, ఆగ్రా మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే దారి ఇది. హైదరాబాద్ వరకూ మాకు అదే తోడు. ధోల్‌పూర్ దాటగానే చంబల్ నది. అటూ ఇటూ మట్టిని ఎవరో గోళ్లతో చీరినట్టు లోయలు. ఒకప్పుడు బందిపోట్లు దాక్కున్న చోటు. బావ స్టీరింగ్ మీద వేళ్లతో తాళం వేస్తూ, 'ఈ బండి ఎక్కితే గతుకు తెలుస్తోందా?' అని పది కిలోమీటర్లకోసారి అడుగుతున్నాడు. నిజంగానే తెలియలేదు.

రాత్రి గ్వాలియర్‌లో ఆగాం. తెల్లవారి చూస్తే ముందు ఎడమ వైపు బండి నేలకి వాలిపోయి ఉంది. మోకాలు నొప్పితో ఒరిగి కూర్చున్న మనిషిలా! స్టార్ట్ చేయగానే ఎక్కడో 'గుర్ర్'మని చప్పుడు. నిమిషంలో మళ్లీ లేచి నిలబడింది. 'చలికి అలా అయ్యుంటుంది' అన్నాడు బావ. ఝాన్సీ, లలిత్‌పూర్ దాటాం. సాగర్ దగ్గర డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగింది. నర్మద దాటేసరికి అది ఎర్రబడింది.

లఖ్‌నాదోన్ దగ్గర ఒక దాబా పక్కన లారీ మెకానిక్ కనిపించాడు. ఇలాంటి బండిని ఎప్పుడూ ముట్టుకోలేదని ముందే చెప్పాడు. కానీ లారీ ఎయిర్ బ్రేకుల్లో లీకులు పట్టడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. చెంబులో సబ్బు నురగ కలిపి చక్రం వెనక చల్లాడు. నల్లటి రబ్బరు తిత్తి మడతల్లోంచి బుడగలు బుసబుసా వచ్చాయి. సంగతి అప్పుడు అర్థమైంది. ఈ బండికి కమాన్లు ఉండవు, స్ప్రింగులూ ఉండవు. గాలి నింపిన రబ్బరు తిత్తులే దాని కాళ్లు. వయసు మీద పడితే రబ్బరు పగుళ్లిస్తుంది. కారిపోయిన గాలిని నింపడానికి కంప్రెషర్ విశ్రాంతి లేకుండా తిరుగుతుంది. చివరికి అదీ కాలిపోతుంది. చిన్న పగులు పెద్ద ఖర్చుగా మారేది ఇలాగే.

'గంటకోసారి ఆపి కంప్రెషర్‌ని చల్లారనివ్వండి. నిదానంగా పొండి' అని చెప్పి, వంద రూపాయలిస్తే టీకి ఇరవై చాలన్నాడు.

మంచికే అన్నట్టు, ఆ నిదానం వల్లే పెంచ్ అడవి కళ్లారా చూశాం. సివనీ, నాగ్‌పూర్ మధ్య రోడ్డును పైకెత్తి కట్టారు, పులులూ జింకలూ కింద నుంచి దాటిపోవడానికి. వాటికి చప్పుడు, వెలుతురు తగలకుండా పక్కన గోడలు. మనుషుల బండ్లు పైన, అడవి బతుకు కింద. ఇంకోసారైతే ఆ దారిలో రెండు రోజులు ఉండిపోయేవాళ్లం. ఇప్పుడు మాత్రం నా చెవులు కంప్రెషర్ చప్పుడు మీదే ఉన్నాయి. బావ తాళం వేయడం మానేశాడు.

నాగ్‌పూర్‌లో రాత్రి గడిపి, పెన్‌గంగ దాటాం. ఆదిలాబాద్‌లో తెలుగు బోర్డులు కనిపించగానే ప్రాణం లేచొచ్చింది. నిర్మల్ చేరేసరికి బండి ప్రాణం పోయింది. 'గుర్ర్' చప్పుడు ఆగింది. ముందు భాగం చతికిలబడి చక్రాలు అంచులకు రాసుకుంటున్నాయి. ఇక కదిలించలేం. అక్కడ కొయ్యబొమ్మలు చేసే ఊళ్లో, మేమూ రెండు బొమ్మల్లా రోడ్డు పక్కన నిలబడ్డాం. సాయంత్రానికి బండ్లు మోసుకెళ్లే లారీ దొరికింది. దాని క్యాబిన్‌లో కూర్చున్న బావ హైదరాబాద్ వచ్చేదాకా మాట్లాడలేదు. ఆ తర్వాత ఒకే ఒక్క మాట. 'మీ అక్కకి ఇప్పుడే చెప్పకు.'

మేస్త్రీ చెప్పిన లెక్క

విజయవాడలో బెంజ్ సర్కిల్ దాటి పటమట వైపు వెళ్తే జవహర్ ఆటోనగర్. అరవయ్యో దశకంలో మొదలైన ఈ పేట ఇప్పుడు ఒక ఊరంత. పొద్దున్నే వెళ్తే లేత్ మిషన్ల రొద, కమాన్లు సాగదీసే సమ్మెట దెబ్బలు, వెల్డింగు వెలుగులు. ఒక వీధిలో లారీల బాడీలకు చెక్క కోస్తుంటారు, ఇంకో వీధిలో క్యాబిన్ మీద నెమళ్లకు రంగులేస్తుంటారు. ఇంజిన్ బోరింగ్ ఒకచోట, రేడియేటర్లు ఒకచోట, సీట్లు కుట్టేది ఒకచోట. లారీల కోసం పుట్టిన పేటలో ఇప్పుడు ల్యాప్‌టాప్ పెట్టుకుని పెద్ద కార్ల జబ్బులు చెప్పే షెడ్లూ వెలిశాయి.

మాకు దొరికిన మేస్త్రీకి అరవై దాటి ఉంటాయి. లారీ క్లీనర్‌గా ఈ వీధిలోకి వచ్చి ఇక్కడే పని నేర్చుకున్న మనిషి. స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌కి స్కానర్ తగిలించి అరగంటలో బండి జాతకం చెప్పేశాడు. ముందు రెండు తిత్తులూ పోయాయి. కంప్రెషర్ కాలింది. కూలెంట్ పంపు కారుతోంది. ఆటోమేటిక్ గేరుబాక్సు ఆయిలు నల్లగా మాడిపోయింది. 'అది జీవితాంతం మార్చక్కర్లేదన్నారు కదా' అన్నాడు బావ. 'ఎవరి జీవితాంతమండీ?' అన్నాడు మేస్త్రీ. నిజమే. ఈ గేరుబాక్సులు తయారుచేసే జెడ్‌ఎఫ్ లాంటి కంపెనీయే 80 వేల నుంచి లక్షా 20 వేల కిలోమీటర్ల మధ్య ఆయిలు మార్చమంటుంది.

అసలు దెబ్బ తర్వాత పడింది. మీటరు 62 వేలు చూపిస్తోంది కదా! గేరుబాక్సు కంప్యూటర్‌లో దాగిన లెక్క లక్షా 48 వేలు. ముందున్న మీటరును తిప్పినవాళ్లు లోపలిదాన్ని మరిచారు.

తిత్తులు, కంప్రెషర్, పంపు, ఆయిలు, కూలి అన్నీ కలిపి 3 లక్షల 40 వేలు. ఢిల్లీ మాయాపురి పాత సామాన్ల బజారు నుంచి తెప్పిస్తే కంప్రెషర్ సగానికే వస్తుందన్నాడు. రబ్బరు తిత్తులు మాత్రం పాతవి వద్దే వద్దన్నాడు. బావ ముఖం చూసి, చేతులు గుడ్డకు తుడుచుకుంటూ చెప్పాడు.

'బండి ముసలిదైతే దాని రేటు తగ్గుద్దండి. సామానుకి ముసలితనం రాదు కదా! మీరు కొన్నది 14 లక్షల బండి. మీరు బాగుచేయించేది మాత్రం 60 లక్షల బండినే.'

మా ప్రయాణమంతా ఆ రెండు మాటల్లోనే ఉంది. 'మరి కొనకముందే చూపిస్తే?' అని అడిగాను. 'ఒక్క పూట పనండి. రెండు వేలు తీసుకునేవాణ్ని' అన్నాడు.

కొనేముందు ఒక్క పూట

మేస్త్రీ దగ్గర కూర్చుని రాసుకున్నవి ఇవి. పాత పెద్ద బండి కొనాలనుకునేవారికి పనికొస్తాయి.

* పొద్దున్నే, చెప్పకుండా వెళ్లండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తేనే పొగ, చప్పుడు బయటపడతాయి. ముందే వేడిచేసి ఉంచారంటే అనుమానించాలి.

* గాలి సస్పెన్షన్ ఉంటే రాత్రి ఎక్కడ నిలిపారో అక్కడే పొద్దున్న చూడండి. ఏ మూల వాలినా లీకున్నట్టే.

* స్కానర్ పెట్టించండి. తప్పుల కోడ్‌లు ఏమీ లేవంటే సంబరపడొద్దు. నిన్ననే చెరిపేసి ఉండొచ్చు. చెరిపితే బండి తనను తాను పరీక్షించుకునే కొన్ని లెక్కలు 'పూర్తి కాలేదు' అని చూపిస్తాయి. అది అడగండి. కిలోమీటర్ల లెక్కను లోపలి కంప్యూటర్లతో, సర్వీసు రికార్డులతో పోల్చమనండి.

* ఆయిలు మూత తీసి చూడండి. లోపల మజ్జిగలాంటి పూత ఉంటే నీళ్లు కలుస్తున్నాయేమో వెతికించాలి. గేరు వేశాక బండి ఆలస్యంగా కదిలినా, కుదుపు ఇచ్చినా జాగ్రత్త.

* సీటు బెల్టు చివరిదాకా లాగండి. బురద చార కనిపిస్తే అది వరదలో మునిగిన బండి కావచ్చు. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచిన తర్వాత విజయవాడవాళ్లకి ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు.

* వేరే రాష్ట్రం బండికి ఎన్‌వోసీ కోసం ఫారం 28, పేరు మార్పిడికి 29, 30 కావాలి. అప్పు తీరిందని చూపడానికి ఫారం 35. మన రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి ఉంచాలంటే ఇక్కడి నంబరు తీసుకోవాలి. జీవితకాల పన్ను ఎంతో ముందే కనుక్కోండి.

* అన్నిటికన్నా ముఖ్యం. చేతిలో ఉన్నదంతా బండికే పెట్టొద్దు. మొదటి ఏడాది మరమ్మతులకు విడిగా దాచండి. ఆ దాచేది లేకపోతే ఆ బండి మనది కాదన్నమాట.

ఇప్పుడు...

అక్కకు చెప్పక తప్పలేదు. ఆమె తిట్టలేదు. మేనకోడలి ఫైలు తెచ్చి బావ ముందు పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేదన్నాడు ఆయన. ఆ ఆరు లక్షలకూ బ్యాంకులో విద్యారుణం తీసుకున్నారు. అమ్మాయి వెళ్లింది, చదువుతోంది. వడ్డీ నెలనెలా బావే కడుతున్నాడు.

బాగుచేశాక బండి ఏడాది నిక్షేపంగా నడిచింది. 2025 మొదట్లో తొమ్మిదిన్నర లక్షలకు అమ్మేశాడు. కొన్నాయన ముందు బిల్లులన్నీ పరిచి, అసలు కిలోమీటర్లు కాగితం మీద రాసిచ్చాడు. 'అది చెప్పకపోతే ఇంకో లక్ష వచ్చేది కదండీ' అన్నాడు దుకాణంలో గుమాస్తా. 'నాకు చెప్పకపోబట్టేగా ఇంత అయ్యింది' అన్నాడు బావ.

ఇప్పుడు ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఎవరు పాత బండి కొంటున్నా ఆయన్నే తోడు పిలుస్తారు. పొద్దున్న ఆరింటికే వెళ్తాడు. సీట్లు చూడడు, మీట నొక్కడు. ముందు బానెట్ మీద చెయ్యి పెడతాడు. వెచ్చగా తగిలిందా... ఇచ్చిన టీ కూడా తాగకుండా వచ్చేస్తాడు!