బోరు నీళ్లు తాగిన కారు

బాబాయి పాత కారు రేడియేటర్ డ్రెయిన్ ప్లగ్ విప్పితే చింతపండు పులుసులాంటిది కారింది. కూలెంట్ తగ్గినప్పుడల్లా బోరు నీళ్లు పోస్తూ వచ్చాడు మరి. "నీళ్లు నీళ్లే కదరా" అంటాడు. గీజర్ కాయిల్‌కి పట్టే తెల్ల పెచ్చు ఇంజిన్ లోపల కూడా కడుతుంది బాబాయ్, కాల్షియం ఎక్కడైనా కాల్షియమే!

పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే మూత తీశా. వేడి మీద తీస్తే లోపలి ప్రెషర్‌కి మరిగే నీళ్లు మొహాన కొడతాయి. ఫ్లష్ క్లీనర్ పోసి, హీటర్ ఫుల్లుగా పెట్టి నడిపించా. మే నెల ఎండలో హీటరేంటని పక్కింటాయన ఒకటే నవ్వు. కానీ కొన్ని బండ్లలో హీటర్ తిప్పకపోతే దాని గొట్టాల్లోకి నీళ్లే వెళ్లవు, మురికి అక్కడే ఉండిపోతుంది. థర్మోస్టాట్ కూడా సుమారు 80-90 డిగ్రీలకి గానీ తెరుచుకోదు, అప్పటిదాకా కాచుక్కూర్చోవాల్సిందే. తర్వాత చల్లార్చడం, వదలడం, నింపడం, నీళ్లు తేటగా వచ్చేదాకా అదే పని. చివర్లో డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం. గాలి బుడగలు ఆగాకే మూత బిగించా.

అన్నట్టు, పాత కూలెంట్‌ని కాలవలో పారబోయకండి. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, వీధి కుక్కలు నాకితే కిడ్నీలు పోయి చస్తాయి. నేనైతే మూతున్న డబ్బాలో పట్టి మెకానిక్ షెడ్డులో ఇచ్చేశా.