సీటీసీకి పోయిన రోజు

హనుమకొండలో పొద్దున ఏడింటికి బస్సెక్కాం, నేనూ మా మేనల్లుడూ. వాడి జేబులో ఒక చీటీ: ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు, ఎస్‌ఎమ్‌పీఎస్, క్యాబినెట్. మా అక్క డెబ్బై వేలు ఇచ్చింది, చదువుకోడానికి అని. మన ఇళ్లల్లోకి కంప్యూటర్ ఆ మాట మీదే వస్తుంది. 2004లో నేనూ అదే చెప్పి కొనిపించుకుని వైస్ సిటీలో మోటారుసైకిళ్లు ఎత్తుకెళ్లాను.

ఇది 2021 డిసెంబరు సంగతి. జనగామ రాకముందే మాస్కుల చాటున వాదన మొదలైంది. నా ఓటు ప్లేస్టేషన్ 5కి. ఆ ఫిబ్రవరిలోనే మన దేశంలో అమ్మకానికి వచ్చింది, డిస్కు పెట్టుకునే మోడల్ 49,990 రూపాయలు.

"దాంట్ల కోడింగ్ చేస్తనా మామా? ఆన్‌లైన్ ఆడాలంటే చాలా ఆటలకు చందా కట్టాలె. కొత్త ఆట ఒక్కటే 4,999. స్టీమ్ సేల్ల ఆ పైసలకు పది ఆటలొస్తయ్" అన్నాడు.

లెక్కలో వాడిదే పైచేయి. నేను చెప్పాలనుకున్నది లెక్క కాదు. హార్డ్ డిస్కుల కాలంలో, ముందున్న ఊరంతా మెమరీలోకి చేరేలోపు మనల్ని ఇరుకు సందుల్లోనో లిఫ్టులోనో కాలక్షేపం చేయించేవి ఆటలు. ఆ పెట్టెలోని ఎస్‌ఎస్‌డీ సెకనుకు 5.5 గిగాబైట్లు చదువుతుంది. అంత వేగం పీసీలోనూ దొరుకుతుంది. కానీ ఆ పెట్టె కొన్న ప్రతివాడి దగ్గరా అదే ఎస్‌ఎస్‌డీ, అదే ఎనిమిది కోర్ల ప్రాసెసర్, అదే 16 జీబీ మెమరీ. ఆట తయారుచేసేవాడు దాన్ని నమ్ముకుని ఆ సందులు తీసేయొచ్చు. పీసీల్లో ఎవరింట్లో ఏముందో వాడికెలా తెలుస్తుంది? ఈ ముక్క పూర్తయ్యేసరికి భువనగిరి కొండ వెనక్కి పోయింది, మావాడు నిద్రపోయాడు.

ఉప్పల్‌లో దిగి మెట్రో ఎక్కి, ప్యారడైజ్ నుంచి పార్క్ లేన్‌కు నడిచాం. చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ను అక్కడ ఎవరూ పూర్తి పేరుతో పిలవరు, సీటీసీ అంతే. ఏ అంతస్తు చూసినా అట్టపెట్టెలే, నడవడానికి ఒక మనిషి పట్టేంత దారి. నా కోసం ఒకచోట ప్లేస్టేషన్ అడిగాను. స్టాకు లేదు. వాడి కోసం ఆర్‌టీఎక్స్ 3060 అడిగాం. కార్డు ఒక్కటే అరవై అయిదు వేలు! నేను మురిసిపోయిన పెట్టె కంటే ఎక్కువ. ఒకవైపు చిప్పుల కొరత, ఇంకోవైపు ఇథీరియం తవ్వేవాళ్లు దొరికిన కార్డునల్లా ఎత్తుకుపోతున్న రోజులవి. మావాడి మొహం చూసి కొట్టు కుర్రాడికే జాలేసింది.

"కార్డు ఇప్పుడు తీసుకోకు తమ్మీ. గ్రాఫిక్స్ లోపలే ఉన్న రైజెన్ 5600జి పెట్టుకో, జీటీఏ ఫైవ్ ఆడుకోవచ్చు. ఎస్‌ఎమ్‌పీఎస్ మాత్రం 650 వాట్లది తీసుకో."

అలాగే కొన్నాం. తిరుగు బస్సులో క్యాబినెట్ నా ఒళ్లో, మానిటర్ వాడి ఒళ్లో. ఘట్‌కేసర్ వచ్చేసరికి నా కాళ్లు తిమ్మిరెక్కాయి.

2022 సెప్టెంబరులో ఇథీరియం ఆ తవ్వకాల పద్ధతికి స్వస్తి చెప్పింది. ఆ శీతాకాలం మావాడు ఒక్కడే సీటీసీకి పోయి, అదే కార్డు సగం ధరకు తెచ్చుకున్నాడు. స్క్రూడ్రైవర్ నేను పట్టుకున్నాను. ఏడాదిగా క్యాబినెట్ మూలన ముడిచి కట్టి ఉన్న ఎస్‌ఎమ్‌పీఎస్ వైరు విప్పితే కార్డు దాకా సరిగ్గా అందింది.