బండియిల్లు: క్రొత్తదా, పాతదా?

ఇల్లనగా కదలనిది, బండియనగా ఒకచోట నిలువనిది. ఈ రెంటిని ఒక్కటిగా కూర్చిన వాహనమును మోటారు క్యారవాను అందురు. మా యింటిలో దానికి బండియిల్లు అని పేరు పెట్టుకొంటిమి. పరుండుటకు మంచమును, వంటకు పొయ్యియు, నీళ్ళతొట్టియు, మరుగుదొడ్డియు దాని లోపలనే యుండును. అట్టిదానిని కొనదలచినవారికి మొట్టమొదట నెదురగు ప్రశ్న యొకటి కలదు. క్రొత్తది కొనవలెనా, లేక ఒకరు వాడి విడిచినది కొనవలెనా? గత సంవత్సరము ఈ ప్రశ్న మా కుటుంబమున బయలుదేరి, కొన్ని నెలలు మమ్ము నిద్రపోనీయలేదు. బండియిల్లు అందఱును కొనునది కాకపోయినను, ట్రాక్టరైన నేమి, మోటారు సైకి లైన నేమి, కొనునప్పుడు ప్రతి యింటను ఇదే వాదము పుట్టును. కావున మేము తెలిసికొన్న సంగతులు మన పాఠశాల పత్రిక చదువరులకు కొంత ఉపయోగపడగలవని తలంచి వ్రాయుచున్నాను.

మా స్వగ్రామము రుద్రవరము. నల్లమల కొండల పాదమున, 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడిన నంద్యాల జిల్లాలో నున్నది. కదలుచు కాపురముచేయుట ఈ ప్రాంతమునకు వింత కాదు. గొఱ్ఱెల కాపరులు మందలతో ఊరూర పొలములలో విడిదిచేయుదురు. అహోబిలపు స్వామి పారువేట యుత్సవమున పల్లకినెక్కి నెలకు పైగా చుట్టుపట్ల గ్రామములు తిరుగుచుండును. పంతొమ్మిదవ శతాబ్దమున ముత్యాలపాడు మొదలగు చోట్ల పనిచేసిన ఎస్.పి.జి. మిషను దొరలు ఎద్దుబండ్లమీద గుడారములు వేసికొని పల్లెలకు పోయెడివారు. 1912వ సంవత్సరమున దోర్నకల్ బిషప్పుగా అభిషేకము పొందిన వి. యస్. అజరయ్యగారు తన విశాలమైన అధ్యక్షమండలమును ఎద్దుబండిలోను సంచరించిరి. ఇంగ్లండులో గోర్డన్ స్టేబుల్స్ అను నౌకాదళ వైద్యుడు 1885లో రెండు గుఱ్ఱములు లాగు బండియిల్లు చేయించుకొని, దానికి ‘వాండరర్’ అని పేరు పెట్టి, వినోదముకొఱకే దేశము తిరిగెను. ఇశ్రాయేలీయుల ప్రత్యక్షపు గుడారము సంగతి మన విద్యార్థు లెఱిగినదే.

మాకు గలిగిన అవసరము వినోదము కాదు. మా తల్లిగారికి డెబ్బది యెనిమిది సంవత్సరములు. కీళ్ళవాతముచేత గంటసేపైనను కూర్చుండలేరు. ఆమె చిరకాలము ఆదివారపు బడిలో పిల్లలకు పాఠములు చెప్పిరి. కఱవు కాలమున ఆకలిగొన్నవారికి పని కల్పించుచు పాస్నెట్ దొరగారు కట్టించిన మెదకు దేవాలయమును గూర్చియు (అది 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను), 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడిన దోర్నకల్ దేవాలయమును గూర్చియు ఆమె యెన్నియోసారులు చెప్పిరి గాని, రెంటిలో ఒకదానినైనను చూచి యెఱుగరు. కన్ను మూయకముందు ఆ రెండును చూచి, దూరమున నున్న మనుమల యిండ్లకును పోయి రావలెనని ఆమె కోరిక. బస్సులో పరుండుటకు వీలులేదు. రైలుబండి మెట్లు ఎక్కలేరు. బండియిల్లును బాడుగకు తీసికొందమన్నచో, ఆమెకు మూడు దినములలో ఒక దినమే ప్రయాణము చేయు ఓపిక యుండును. తక్కిన రెండు దినములు విశ్రాంతి తీసికొనుచున్నను బాడుగ మాత్రము విశ్రాంతి తీసికొనదు. కావున కొనుటకే నిశ్చయించితిమి. మా తండ్రిగారు పోయిన తరువాత అమ్మిన చెఱువుక్రింది పొలముయొక్క సొమ్ము బ్యాంకులో నుండెను. అది అమ్మగారిది. గోపురము కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి లెక్క చూచుకొనవలెనను సువార్త బోధ మాకందఱకు తెలిసినదే గనుక మేమును కూర్చుంటిమి.

మా అన్నగారు క్రొత్తదే కొనవలె ననిరి. ఆయన హేతువులు తేలికయైనవి కావు. క్రొత్తదానికి కంపెనీవారి హామీ యుండును. 2020 ఏప్రిల్ 1వ తేదీ మొదలుకొని అమ్మబడు ఇంజనులన్నియు బి.యస్.-6 అను కఠినతరమైన పొగ నియమమునకు లోబడినవి. స్వంత ఉపయోగపు వాహనమునకు రిజిస్ట్రేషను 15 సంవత్సరములు చెల్లును. పిమ్మట పరీక్షించి అయిదేసి సంవత్సరములు పొడిగింతురు. క్రొత్తది కొన్నవానికి ఆ పదునైదును దక్కును. లోపలి మంచము ఎత్తు, తలుపు వెడల్పు, పట్టుకొను కమ్మి మన కోరినట్లు చేయించుకొనవచ్చును. ఇన్నియు చెప్పి చివర ఆయన యన్న మాట ఇది: “అమ్మ జన్మమంతయు ఇతరులు కట్టి విడిచిన చీరలకు అతుకులు వేసికొని కట్టుకొన్నది. కడపట ఎక్కు బండియు పాతదేనా?” దానికి మాలో నెవరును వెంటనే బదులు చెప్పలేకపోతిమి.

మా చెల్లెలు పాతదే మేలనెను. ఆమె కాగితమును కలమును తీసికొని లెక్క వేసెను. మోటారు బీమావారు వాహనపు విలువ కట్టునప్పుడు కంపెనీవారి ధరనుండి ఏటేట తరుగు తీసివేయుదురు. ఆరు నెలలలోపు నూటికి 5, ఏడాదిలోపు 15, ఏడాది దాటిన 20, రెండేండ్లు దాటిన 30, మూడేండ్లు దాటిన 40, నాలుగేండ్లు దాటిన 50. ఈ లెక్కచొప్పున 20 లక్షల రూపాయల వాహనము ఏడాది దాటగానే 4 లక్షలు కోల్పోవును. ఆ తరువాత ఏటేట రెండేసి లక్షలు. మూడేండ్లు దాటిన వాహనము 12 లక్షలకు వచ్చును. బజారు ధర సరిగా ఇట్లే యుండదు గాని, మొదటి సంవత్సరమే మిక్కిలి ప్రియమైన సంవత్సరమని ఈ లెక్కవలన తెలియుచున్నది. “ఆ 8 లక్షలు మొదటి యజమానుడే పోగొట్టుకొనెను గదా అన్నా, మనమేల మరల పోగొట్టవలెను?” అని చెల్లెలు అడిగెను. ఆమె కుమార్తె ఆ సంవత్సరమే నర్సింగు కళాశాలలో చేరవలసియుండెను. ఆ సంగతి చెల్లెలు నోట రాలేదు. అయినను మాలో నెవరును దానిని మఱచియుండలేదు.

ఇద్దఱి మాటలును విని నేను తెలిసినవారిని విచారింపగా, ఒక ముఖ్యమైన సంగతి బోధపడెను. బండియిల్లునకు వయస్సు ఒకటి కాదు, రెండు. ఇంజను, బ్రేకులు, గేర్లు మొదలగు బండి భాగము తిరుగుటచేత అరుగును. పైకప్పు అతుకులు, రబ్బరు పట్టీలు, బ్యాటరీలు, కొయ్యపని మొదలగు ఇంటి భాగము తిరుగక నిలిచియుండుటచేతనే చెడును. “ఇది తక్కువ తిరిగినది, అందుచేత మంచిది” అని అమ్మువాడు చెప్పును. సగము మాత్రమే నిజము. ఎండకు వానకు నాలుగేండ్లు నిలిచిన బండి మైళ్ళు తిరుగకపోయినను ముసలిదే.

టైరు ప్రక్కన అంగుళీయకమువంటి చిన్న గడిలో నాలుగంకె లుండును. 2321 అని యున్న అది 2021వ సంవత్సరము 23వ వారమున తయారైనదని యర్థము. గాడులు లోతుగా నున్నను వయస్సు మీఱిన టైరు ప్రక్కలు బీటలు వారి, బరువు మోయుచు పరుగెత్తునప్పుడు ప్రేలిపోవచ్చును. బ్యాటరీ సంగతియు నట్టిదే. 12 వోల్టుల 100 ఆంపియర్-గంటల బ్యాటరీ 1200 వాట్-గంటల శక్తి నిలువచేయును. సీసపు బ్యాటరీయైనచో చెడకుండ వాడదగినది అందు సగమే. 50 వాట్ల పంకా దానిచేత 12 గంటలు తిరుగును. నెలల తరబడి ఛార్జి లేక పడియున్న బ్యాటరీ అందు సగముసేపైనను త్రిప్పలేదు. మే నెల రాత్రి రోగిప్రక్కన పంకా ఆగిపోయిన తరువాత తెలిసికొని ప్రయోజనము లేదు. బరువును గూర్చియు ఆలోచింపవలెను. నూఱు లీటర్ల నీళ్ళు నూఱు కిలోలు. నిండిన వంటగ్యాసు సిలిండరు ఇనుముతో కూడ సుమారు 30 కిలోలు. మంచములు, అలమారులు, మనుష్యులు దీనికి పైన. ఇరుసు మోయగల బరువునకు మించినచో క్రొత్తదియు నొకటే, పాతదియు నొకటే.

కాగితముల సంగతి వాహనముకంటె ముందు చూడదగినది. మన దేశమున ఇట్టి వాహనములు పెక్కు ప్రయాణీకుల వ్యానులను మార్చి చేసినవి. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 52వ సెక్షనుచొప్పున, తయారుచేసినవారు నిర్ణయించిన లక్షణములకు విరుద్ధముగా వాహనమును మార్చరాదు. సర్వోన్నత న్యాయస్థానము 2019 జనవరిలో దీనిని దృఢపఱచెను. కాబట్టి రిజిస్ట్రేషను పత్రమున వ్రాసినదియు, కన్నులయెదుట నిలిచినదియు ఒకటేనా యని చూడవలెను. చట్రముమీద చెక్కిన సంఖ్యను పత్రములోని సంఖ్యతో అక్షరాక్షరము సరిపోల్చవలెను. బ్యాంకు అప్పు తీఱినదా, తీఱినచో ఆ మాట పత్రమునుండి కొట్టివేయించిరా, అది కిరాయి బండిగా నమోదైనదా స్వంత బండిగానా, అని విచారింపవలెను. కొన్నవాడు 14 దినములలో బీమాను తన పేరునకు మార్పించుకొనవలెను. పరరాష్ట్రపు బండిని 12 నెలలకు మించి ఇచ్చట ఉంచుకొన్నచో క్రొత్త నెంబరు పొందవలెను. మొత్తము బరువు 7,500 కిలోలకు మించనిచో తేలికపాటి వాహనపు లైసెన్సు చాలును. కిరాయి వాహనములను గూర్చి యున్న సందేహమును సర్వోన్నత న్యాయస్థానము 2024 నవంబరున తీర్చి, ఆ బరువులోపు వాటికిని అదే లైసెన్సు చాలునని చెప్పెను.

మేము చూచిన మొదటి బండి ఒక పట్టణమున నుండెను. పైన రంగు నిగనిగలాడుచుండెను. లోపల అద్దములు, దీపములు, మెత్తని పరుపులు. పత్రము తెఱచి చూడగా అది ఇంకను ప్రయాణీకుల వ్యానే. మంచమును పొయ్యియు ఎవరి అనుమతిచేత అమర్చిరో చూపు కాగితము లేదు. ప్రమాదము జరిగినచో బీమావారు ఏమందురో ఊహింపవచ్చును. నమస్కరించి వెనుకకు వచ్చితిమి. అన్నగారు దారిపొడవునను మాటలాడలేదు. ఆయన మౌనమే “నేను చెప్పలేదా” యని పలికెను.

ఆ రాత్రి అమ్మగారు మా వాదము నంతయు విని యిట్లనిరి: “నాయనా, నేను పుట్టిన యింటి దూలము అంతకుముందు మఱియొక యింటిలో నున్నదే. మీ తాత దానిని సుత్తితో కొట్టి శబ్దము విని తెచ్చెను గాని, ఎవరి యింటిదని సిగ్గుపడలేదు. నేను చీరలకు అతుకులు వేసికొన్నది పేదఱికముచేత. ఆ చీరలు గట్టివని గూడ. మీరు కొట్టి చూడుడు.”

రెండవ బండి కర్నూలులో దొరికెను. మూడున్నర సంవత్సరములది. మొదటినుండి స్వంత ఉపయోగపు సంచార వాహనముగనే నమోదైనది; చేసిన ప్రతి మరమ్మతునకు రసీదు కలదు. ఆళ్ళగడ్డనుండి మాకు తెలిసిన మెకానిక్కును వెంట తీసికొని పోయితిమి. అతడు ఇంజను చల్లగా నున్నప్పుడే స్టార్టు చేయించి పొగ చూచెను. నీలిపొగ వచ్చినచో నూనె కాలుచున్నదనియు, దట్టమైన తెల్లపొగ ఆగక వచ్చినచో నీరు లోనికి చొచ్చుచున్నదనియు మాకు చెప్పెను. ఏ పొగయు లేదు. అతడు క్రింద దూఱి చట్రముమీది తుప్పును గోరి చూచెను. పైకప్పుమీద గొట్టముతో అరగంట నీళ్ళు పోయించి, లోపల మూలమూలను చేతితో తడవి చూచెను. కిటికీయొద్ద ఒకచోట తడి కనబడెను. బ్యాటరీ చచ్చినది. టైర్లలో రెండు పాతవి. ఈ లోపములు ఒక్కొక్కటి వ్రాసికొని, వాని ఖర్చు ధరలో తగ్గింపుమని అడిగితిమి. అమ్మువారు మర్యాదస్థులు, చాలవఱకు తగ్గించిరి.

తరువాత అమ్మగారిని తీసికొనిపోయి ఆ మంచముమీద పరుండబెట్టితిమి. మేము ఇంజనును గూర్చి తలపోయుచుండగా ఆమె అడిగినది రెండే ప్రశ్నలు: “పరుండి చూచిన చెట్లు కనబడునా? రాత్రి ఒక్కదాననే లేచి దొడ్డికి పోగలనా?” చెట్లు కనబడెను. రెండవదానికి మెట్టు ఎత్తు తగ్గించి, గోడకు పట్టుకమ్మి బిగింపవలసివచ్చెను. ఆ కమ్మిని అన్నగారే స్వయముగా బిగించిరి. దానిపై తన బరువంతయు వేసి మూడుమాఱులు లాగి చూచిరి. పాతబండిని గూర్చి ఆయన మరల మాట యెత్తలేదు.

టైర్లు, బ్యాటరీ, కిటికీ రబ్బరు, కమ్మి అన్నియు క్రొత్తవి వేయించినను, క్రొత్త బండి కొఱకు కట్టిన అంచనాలో ఇంచుమించు మూడవ వంతు మిగిలెను. అందు కొంత దారి ఖర్చులకును అనుకోని మరమ్మతులకును ప్రత్యేకించితిమి. పాతబండి కొన్నవాడు ఇది చేయనిచో కొననట్లే. తక్కినదానిని ఏమిచేయవలెనో చెప్పుటకు మేము తడబడుచుండగా, అమ్మగారు బ్యాంకు పుస్తకమును చెల్లెలి చేతిలో పెట్టి, “పిల్ల నర్సయినచో నన్ను చూచుకొనును, నేను లేనిచో మఱియొకరి అమ్మను చూచుకొనును” అనిరి.

కొనువాడు తన లోపలి మాటను వినవలెను గాని, అది భయమా, డంబమా, అవసరమా యని మొదట విడదీయవలెను. భయమునకు మందు పరీక్ష. డంబమునకు మందు లెక్క. అవసరము మిగిలినచో దానిని కొలిచి కొనవచ్చును. నమ్మదగిన పాతది దొరకనిచో, పరీక్షించువాడు లేనిచో, లేక నిత్యము దూరదేశములు తిరుగవలసినచో, క్రొత్తది కొనుటయే మేలు. ఆ విషయమున అన్నగారి మాట తప్పు కాదు. ఏటికి కొలది దినములే తిరుగు మావంటివారికి, కొట్టి చూచిన దూలము చాలెను.

చలికాలమున ఎండ తగ్గిన తరువాత మొదట మెదకునకు, పిమ్మట దోర్నకల్‌నకు బయలుదేరుటకు ఏర్పాటు చేసికొన్నాము. దినమునకు రెండుమూడు గంటలకంటె ఎక్కువ నడుపరాదని అమ్మగారి ఆజ్ఞ. ఆదివారపు బడి పిల్లలు ఆమెతో పంపుటకు రెండు దేవాలయములకును చెఱియొక ఉత్తరము వ్రాసి యిచ్చిరి. అవి మంచము క్రింది సొరుగులో భద్రముగా నున్నవి.