పద్నాలుగు నిండాక

జూన్ 12, గురువారం

బళ్లు తెరిచారు. ఫిలింనగర్ మలుపు దగ్గర పొద్దున్నే పసుపు బస్సుల బారు. సినిమాల్లో నటించే మా అమ్మాయి మాత్రం ఇంట్లోనే ఉంది. ఎనిమిదో తరగతి అయిపోయింది, మే నెలలో పద్నాలుగు నిండాయి. ఇక ఇంట్లోనే చదివిద్దామని నేనూ మా ఆవిడా అనుకున్నాం. తెనాలి నుంచి అమ్మ ఫోను: "పిల్లని బడి మాన్పిస్తే పోలీసులు రార్రా?"

రారు. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకే. బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అని పదో సెక్షన్ అంటుంది, చేర్చకపోతే ఫలానా శిక్ష అని మాత్రం అనదు. ఇంటి చదువు గొడవ ఢిల్లీ హైకోర్టుకెక్కితే, 2012లో కేంద్రం మొదట 'చదివించుకోవచ్చు' అని అఫిడవిట్ వేసి, ఆ తర్వాత మాట మార్చింది. మా నిర్మాతలే నయం.

జూన్ 15, ఆదివారం

జాతీయ ఓపెన్ స్కూల్ ఎన్‌ఐఓఎస్ దరఖాస్తు ముందేసుకుని కూర్చున్నాం. రాష్ట్రానికి తెలంగాణ ఓపెన్ స్కూల్ ఉంది గానీ, పాప ఈ సెంట్రల్‌దే కావాలంది, చిత్రలేఖనం సబ్జెక్టు ఉందని. పదికి కనీసం పద్నాలుగేళ్లు ఉండాలి. అయిదు సబ్జెక్టులు, అందులో ఒక భాష తప్పనిసరి. పాసు మార్కు 33. టీసీ లేకపోయినా, 'ఈ కోర్సు చదవగలిగినంత చదువు నాకుంది' అని సొంతంగా రాసిచ్చే ధ్రువపత్రం సరిపోతుంది. అయిదేళ్లలో తొమ్మిది అవకాశాలు అని చదివితే మా ఆవిడ నవ్వింది: "అయితే ఇది ఎనిమిదిసార్లయ్యాకే పుస్తకం తెరుస్తుంది."

పేరు దగ్గర ఆగాం. టైటిల్స్‌లో పడే పేరు వేరు, జనన ధ్రువపత్రంలో ఉన్నది వేరు. తెర పేరు ఇక్కడ చెల్లదు. పాపకది నచ్చలేదు.

జూన్ 18, బుధవారం

ప్రొడక్షన్ మేనేజర్ వచ్చాడు. "గురువుగారూ, ఇప్పుడు పాపకి బడి గోల లేదు కదా, నలభై రోజులు బల్క్‌గా డేట్లిచ్చేయండి."

2017 నాటి బాల కార్మిక నిబంధనలు తీసి చూపించాను. బాలనటులకు రోజుకు అయిదు గంటలకు మించి పని వద్దు. విరామం లేకుండా మూడు గంటలు దాటకూడదు. వరసగా 27 రోజులకు మించకూడదు. కలెక్టరు అనుమతి కావాలి, పారితోషికంలో కనీసం అయిదో వంతు పిల్ల పేర బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చెయ్యాలి. చదువు ఆగకూడదు.

అతను అంతా చదివి, "ఇది పద్నాలుగు లోపు పిల్లలకండీ" అన్నాడు. నిజమే. బడి చట్టమూ, ఈ నియమమూ ఒకే పుట్టినరోజున చెయ్యి వదిలేశాయి. ఇండస్ట్రీలో అడిగేవాడు లేని చోట ఏం జరుగుతుందో కృష్ణానగర్‌లో ఏ జూనియర్ ఆర్టిస్టునడిగినా చెబుతారు. అందుకే ఆ అంకెల్ని మా ఇంటి నియమంగా పెట్టాను. అయిదు గంటలు, పైగా అక్టోబరు, ఏప్రిల్ పరీక్షల రోజుల్లో డేట్లు లేవు. అతను కాఫీ సగంలో వదిలేసి లేచాడు. వేషం పోతే పోనీ.

జూన్ 23, సోమవారం

ఫీజు కట్టాం. తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు, చిత్రలేఖనం. మార్కుల్లో అయిదో వంతు ఇంట్లో రాసి ఇచ్చే అసైన్‌మెంట్లకు, మిగతాది పరీక్షకు. లెక్కలు నేను చెప్పలేను, మా బావమరిది ఆదివారాలు వస్తానన్నాడు.

సొంత ధ్రువపత్రం సౌకర్యం పదితోనే సరి. ఇంటర్‌లో చేరాలంటే మాత్రం పది పాసైన మెమో ఉండాల్సిందే.