భుజం మీది బరువు



పెళ్లికి వచ్చి భోంచేసి వెళ్లేవారికి ఫోటోగ్రాఫరు రెండు మూడు గంటలు కనబడతాడు, అంతే. అతని పని మాత్రం పెళ్లికూతురికి నలుగు పెట్టే వేళకే మొదలవుతుంది. మందిరములో వివాహ ఆరాధన, రిజిస్టరులో సంతకాలు, బయట వేపచెట్టు కింద ఇరువైపుల బంధువులతో ఫోటోలు, సాయంత్రం విందు, చివరకు అప్పగింత. హైందవ సోదరుల ఇంట ముహూర్తం రాత్రి రెండింటికి పడితే, జీలకర్రా బెల్లం పెట్టే ఆ ఒక్క నిమిషం కోసం తెల్లవార్లూ మేలుకొని ఉండాలి. పన్నెండు గంటలకు తక్కువైన పెళ్లి నేను చూడలేదు. ఆ పన్నెండు గంటలూ కెమెరా ఒంటి మీదే ఉండాలి. ఒక్కసారి కింద పెట్టి మంచినీళ్లు తాగేలోగానే పెళ్లికూతురి తండ్రి పక్కకు తిరిగి కళ్లు తుడుచుకుంటాడు. ఆ కన్నీరు రెండోసారి రమ్మంటే రాదు.

అందుచేత మా పనిలో బరువు అనేది చిన్న మాట కాదు. వడ్ల బస్తా మోసేవాడు పది నిమిషాలు మోసి దించుతాడు. మేము మోసేది నాలుగైదు కిలోలే, కాని దించడమనేది ఉండదు. కెమెరాల సంగతి మనకెందుకని కొందరనుకోవచ్చు. మీ ఇళ్లలో పెళ్లిళ్లు జరుగుతాయి, మీ పిల్లల్లో కొందరు ఈ పనిలోకి వస్తున్నారు కూడా. కాబట్టి నాకు అనుభవంలో తెలిసింది చెబుతాను.

మాది రేపల్లె దగ్గర కృష్ణ ఒడ్డున ఒక పల్లె. 1989లో నేను ఈ పనిలోకి వచ్చినప్పుడు మా గురువుగారు యాషికా మ్యాట్ 124 జి వాడేవారు. పొట్ట దగ్గర పట్టుకొని పైనుంచి తొంగి చూసే రెండు కళ్ల కెమెరా అది. ఒక రీలుకు 12 ఫోటోలు. తరువాత నేను సొంతంగా కొన్నది పెంటాక్స్ కె1000. 1976 నుంచి 1997 దాకా తయారైన గట్టి కెమెరా. వెలుగు కొలిచే ముల్లుకు తప్ప దానికి బ్యాటరీ అక్కరలేదు. బరువు 620 గ్రాములు, 50 ఎం.ఎం. లెన్సు తగిలించినా కిలోకు రాదు. ఆ ఒక్క కెమెరా, ఒక్క లెన్సు, ఒక ఫ్లాషు, మూడు రీళ్లు. అంటే 108 ఫోటోలు. పెళ్లంతా అందులోనే సరిపెట్టాలి. ముఖం పెద్దదిగా కావాలంటే దగ్గరకు నడిచేవాళ్లం, అందరూ పడాలంటే వెనక్కి నడిచేవాళ్లం. సైకిలు హ్యాండిలుకు సంచి తగిలించుకొని ఒకే దినాన రెండు ఊళ్లలో పెళ్లిళ్లు చేసి వచ్చిన సందర్భాలున్నాయి.

డిజిటల్ వచ్చాక రీలు ఖర్చు పోయింది, బరువు వచ్చింది. వినడానికి విచిత్రంగా ఉంటుంది గాని నిజము. రీలు లేదు గనుక ఎన్నైనా తీయవచ్చు, తీయవచ్చు గనుక అన్నీ తీయమంటారు. తెనాలి, గుంటూరు నుంచి వచ్చేవారు రెండేసి కెమెరాలు వేసుకొని క్యాండిడ్ తీస్తుంటే, పల్లెలో ఉన్నవాడు అలా తీయకపోతే బేరం పోతుంది. నేనూ 2015లో నికాన్ డి750 కొన్నాను, మరుసటి ఏడు రెండోది కొన్నాను. ఒకదానికి 24-70 జూమ్, ఇంకొకదానికి పొడుగాటి 70-200 జూమ్. చాలా మంచి సామాను. ఆ ఆరేళ్లలో తీసిన ఫోటోలు ఈ చుట్టుపక్కల ఎన్ని ఇళ్లలో కరిజ్మా ఆల్బములుగా ఉన్నాయో లెక్కలేదు. మా పెద్దమ్మాయి పెళ్లి ఆ కెమెరాల సంపాదనతోనే చేశాము.

2021 వేసవిలో కుడి భుజం మొరాయించింది. మొదట పొద్దున లేచేసరికి నొప్పిగా ఉండేది, రానురాను చొక్కా తొడుక్కోవడానికి కూడా చెయ్యి లేవలేదు. గుంటూరులో ఎముకల డాక్టరుగారికి చూపించుకున్నాను. ఆయన చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, "ఏం పని చేస్తారు, లారీ లోడింగా?" అని అడిగారు. ఫోటోగ్రాఫరునని చెబితే నవ్వలేదు. కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే నరంలాంటి తాడు ఒరుసుకొని వాచిందనీ, ఆరు వారాలు బరువెత్తవద్దనీ, ఆ తరువాత కూడా ఇంత బరువు గంటల తరబడి వేసుకుంటే తెగే ప్రమాదముందనీ చెప్పారు. వేరే పని చూసుకోమని ఆయన అనలేదు గాని మా ఇంట్లో ఆ మాట అలాగే వినబడింది. అప్పటికి నాకు యాభై మూడేళ్లు. చిన్నమ్మాయి బి.ఎస్సీ. చదువుతోంది. పెద్దమ్మాయి పెళ్లి అప్పు ఇంకా సగం ఉంది. మాకు పొలం లేదు.

ఆ ఆరు వారాల్లో ఒకనాడు మా వీధి కిరాణా కొట్టుకు సంచి పట్టించుకొని వెళ్లి, ఒక్కొక్క వస్తువూ కాటా మీద పెట్టించాను. కొట్టు అబ్బాయి, "మావయ్యా, కందిపప్పు తూచే దాని మీద కెమెరాలు తూచడం ఇదే మొదలు" అన్నాడు. కంపెనీ కాగితంలో ఉన్నదీ కాటా చూపించినదీ కొంచెం అటూ ఇటుగా సరిపోయాయి. డి750 ఒక్కొక్కటి బ్యాటరీతో 840 గ్రాములు. 24-70 జూమ్ 900. 70-200 జూమ్ 1,540. రెండు కెమెరాలూ రెండు లెన్సులూ కలిసి 4,120 గ్రాములు. పైన ఫ్లాషు, దాని నాలుగు సెల్సు కలిపి మరో అరకిలో.

మా అక్క కొడుకు ఏలూరులో స్టూడియో నడుపుతున్నాడు. "మిర్రర్‌లెస్ కొనుక్కో మావయ్యా, బరువు సమస్య ఉండదు" అన్నాడు. పాత రకం కెమెరాలో లెన్సు వెనుక ఒక అద్దముంటుంది. మనం కంటితో చూసేది ఆ అద్దం పంపిన బొమ్మనే. ఫోటో తీసే క్షణాన అది టపీమని పైకి లేస్తుంది. కొత్త రకంలో ఆ అద్దాన్ని తీసివేశారు, చిన్న తెర మీద బొమ్మ చూస్తాము. అద్దం పోయింది గనుక బరువు తగ్గాలి కదా అని నేనూ అనుకున్నాను. కాని లెక్క వేస్తే సంగతి వేరుగా తేలింది.

అప్పటికి అందుబాటులో ఉన్న నికాన్ జెడ్ 6 టూ బ్యాటరీతో 705 గ్రాములు. పాతదానికంటే తగ్గింది 135 గ్రాములు. మన పాత లెన్సులు దానికి తగిలించాలంటే మధ్యలో అడాప్టరు పెట్టాలి. అప్పటి ఆ అడాప్టరు బరువు కూడా 135 గ్రాములే! ఇక పాతవి వదిలి, కొత్త కెమెరా కోసం చేసిన అటువంటి జూమ్‌లే కొందామంటే 24-70 ఏమో 805, 70-200 ఏమో 1,440. రెండు కెమెరాలతో కలిపితే మొత్తం 3,655. లక్షలు పోసి అరకిలో కూడా తగ్గదు. అద్దం బరువు కాదు మనం మోసేది, జూమ్ లోపలి గాజు. కెమెరా మార్చాలనుకునే పిల్లలు మొదట చూడవలసింది లెన్సుల తూకం. దుకాణాల్లో మాత్రం బాడీ బరువొక్కటే చెబుతారు.

అప్పుడు జూమ్‌లు వదిలివేయాలని నిశ్చయించుకున్నాను. కదలని లెన్సులు రెండే: 35 ఎం.ఎం. 370 గ్రాములు, 85 ఎం.ఎం. 470 గ్రాములు. రెండు కెమెరాలతో కలిపి 2,250. పాతదానిలో దాదాపు సగము. ఒక్కొక్క భుజాన పడేది కిలో, కిలోంపావు. పాత కెమెరాలు రెండూ, 24-70 జూమ్ అమ్మాను. తక్కువపడిన దానికి మా ఇంటావిడ చీటీ పాడింది. పాటలో బాగానే పోయింది గాని, ఆరు నెలలు ఖాళీగా కూర్చోవడం కంటె నయమే.

బరువు దిగింది, దానికి బదులుగా కాళ్లకు పని పెరిగింది. 70-200 ఉన్నప్పుడు మందిరము తలుపు దగ్గర నిలబడి బలిపీఠము ముందున్న పెళ్లికూతురి ముఖం తీసేవాడిని. 85తో అది కుదరదు, పది పన్నెండు అడుగుల దూరంలో ఉండాలి. కాబట్టి ఇప్పుడు పెళ్లికి వారం ముందే అయ్యగారి దగ్గరకు వెళ్లి, ఎక్కడ నిలబడవచ్చో, ఎప్పుడు కదలకూడదో అడిగి వస్తాను. కొందరు అయ్యగార్లు మెట్లెక్కనివ్వరు, అది న్యాయమే. మొదటి వరుస చివర గోడవారగా చోటిస్తే నాకు చాలు. ప్రమాణాలు చెప్పించేటప్పుడు చప్పుడు లేకుండా తీసే ఏర్పాటు ఈ కెమెరాల్లో ఉంది. కిటికీ వెలుగుంటే అది బ్రహ్మాండం. ట్యూబులైట్లు, కొన్ని ఎల్‌ఈడీ దీపాల కింద మాత్రం ఫోటో మీద అడ్డచారలు పడవచ్చు, అక్కడ మామూలు షట్టరే వాడాలి. ఇంకొక మేలు, ఈ లెన్సులు ఎఫ్ 1.8 దాకా తెరుచుకుంటాయి. జూమ్‌ల ఎఫ్ 2.8 కంటె రెండింతలకు పైగా వెలుగు లోపలికి వస్తుంది. ఇరుకు కిటికీల పాత మందిరాల్లో సాయంత్రపు పెళ్లికి ఫ్లాషు చాలాసార్లు కొట్టనక్కరలేదు. బ్యాటరీ మాత్రం పాతవాటిలా రోజంతా రాదు. పాత కెమెరాల బ్యాటరీలే వీటికీ సరిపోతాయి గనుక అమ్మకుండా ఉంచుకున్నాను. జేబులో నాలుగు ఉంటాయి.

అసలు చిక్కు కొన్నవారి కంటితో కాదు, డబ్బిచ్చేవారి కంటితో. కొత్తవి తీసుకువెళ్లిన మూడో పెళ్లిలోనే పెళ్లికూతురి మేనమామ నన్ను పక్కకు పిలిచి, "ఏం బాబాయ్, పెద్ద కెమెరాలు తేలేదా? మేము తక్కువేమీ ఇవ్వడం లేదే" అన్నాడు. ఆయన మాటలో తప్పేమీ లేదు. ఆడపిల్ల పెళ్లికి ఇంత ఖర్చు చేసేవారికి లెన్సు పొడవు కనబడుతుంది, గాజు లోపల వెడల్పు కనబడదు. ఆ పెళ్లిలో మిగతా సొమ్ము చేతికి రావడానికి ఆల్బము చూపించేదాకా ఆగవలసి వచ్చింది. అప్పటినుంచి బేరం మాట్లాడే రోజునే కెమెరాలు వారింటికి తీసుకువెళ్లి, ఇంటి పెద్దావిడను అరుగు మీద కూర్చోబెట్టి ఒక ఫోటో తీసి చూపిస్తాను. ఇష్టమైతే అడ్వాన్సు ఇస్తారు. ఇద్దరు ముగ్గురు వద్దన్నారు, టీ తాగి వచ్చేశాను.

ఈ మార్పులో నేను ముందుగా అనుకోనిది మా చిన్నమ్మాయి రావడం. సంచి తేలికైందని ఒకసారి తోడు వచ్చింది, రెండోసారి కెమెరా అడిగింది. "ఆడపిల్లను పెళ్లిళ్ల వెంట తిప్పుతావా?" అని మా అన్నయ్య కోప్పడ్డాడు. రాత్రి పెళ్లిళ్లకు తల్లి కూడా వస్తుందని చెప్పి ఒప్పించాము. పెళ్లికూతుర్ని ముస్తాబు చేసే గదిలోకి ముప్పై ఏళ్లలో నేను ఏనాడూ అడుగు పెట్టలేదు, పెట్టకూడదు కూడా. తలుపు తీశాక సిద్ధమైన పెళ్లికూతురే నాకు కనబడేది. ఆ గదిలో జరిగేదంతా, జడ వేసే పిన్ని, గాజులు తొడిగే అక్క, భయపడుతున్న ఆ పిల్ల, మా ఆల్బముల్లోకి ఇప్పుడే వచ్చింది.

2023లో ఒక ఇంట పెళ్లికూతురి నాయనమ్మ పక్షవాతంతో వెనుక వసారాలో మంచం మీద ఉంది. మందిరానికి తీసుకురాలేరు. వసారా ఇరుకు, స్టాండూ లైటూ పట్టవు. మా అమ్మాయి 35 లెన్సు పట్టుకొని మంచం కోడు పక్కన నేల మీద కూర్చుంది. పెళ్లికూతురు తెల్లచీర మీద ముసుగుతోనే వంగి నాయనమ్మ దగ్గర ఆశీర్వాదము తీసుకుంది. ఆవిడకు మాట రాదు, ఎడమచెయ్యి ఒక్కటే లేస్తుంది. ఆ చెయ్యి మనుమరాలి తల మీద ఉండగా కిటికీ వెలుగులో మూడు ఫోటోలు వచ్చాయి. నేనప్పుడు వీధిలో పెళ్లికారు దగ్గర ఉన్నాను, రాత్రి కంప్యూటరులో చూసేదాకా నాకు తెలియదు. వర్షాకాలములో ఆవిడ ప్రభువు సన్నిధికి చేరింది. కూడికకు పెద్ద ఫోటో కావాలని కొడుకు వచ్చి, ఆమెకు వేరే ఫోటో ఏదీ లేదని చెప్పి, అందులోంచే వేయించమన్నాడు. మనుమరాలిని తీసివేసి ముఖం ఒక్కటే వేయమంటారా అని మా అమ్మాయి అడిగింది. "వద్దమ్మా, ఇద్దర్నీ ఉంచు" అన్నాడు.

70-200 జూమ్ నేను అమ్మలేదు. పెద్ద ఫంక్షను హాళ్లలో వేదిక చుట్టూ వీడియోవారి క్రేను తిరుగుతూ ఉంటే దగ్గరకు పోలేము. అటువంటి పెళ్లికి అడాప్టరు తగిలించి స్టాండు మీద బిగించి వాడతాను, భుజానికి పని లేదు. ఏడాదిలో నాలుగైదుసార్లు. మిగతా దినాల్లో బూజు పట్టకుండా తేమ పీల్చే పొట్లాలు వేసి డబ్బాలో మూసి ఉంచుతాము. ఈ ఒడ్డున తేమ ఎక్కువ.

శ్రమకాల నలభై దినాలు మొదలయ్యేలోగా మూడు వివాహాలు ఒప్పుకున్నాము. ఒకటి కృష్ణ అవతల దివిసీమలో. బండి మీద వంతెన దాటి వెళ్లాలి. సంచి అమ్మాయే సర్దుతుంది. ఎందుకైనా మంచిదని నేను ఇంకొక లెన్సు లోపల పెడితే, ఏమీ అనకుండా తీసి మళ్లీ బీరువాలో పెట్టేస్తుంది.