ఉలితప్పు

జూన్ 4, ఆష్‌బర్న్, వర్జీనియా

మనవరాలు పరీక్ష మాటల చీటీలు ముందేసుకుని ‘లాపిడరీ’ దగ్గర ఆగింది. “తాతయ్యా, రాళ్ళకి సానపట్టేదీ ఇదే, పొదుపుగా చెక్కినట్టుండే వాక్యమూ ఇదేనట. ఎలా గుర్తుపెట్టుకోను?” లాటిన్‌లో లాపిస్ అంటే రాయి అన్నాను. శాసనం చెక్కేవాడికి ప్రతి అక్షరమూ చేతినొప్పే. ముక్తసరిగా రాయక ఏం చేస్తాడు?

జూన్ 8

స్మిత్సోనియన్‌లో హోప్ వజ్రం. మా పల్నాటి కొల్లూరు గనిదే అయ్యుంటుందంటారు. ఆ గనులిప్పుడు పులిచింతల నీళ్ళ కింద. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే పద్నాలుగో లూయీకి అమ్మినప్పుడు 115 క్యారట్ల చిల్లర. 1673లో రాజుగారి సానవాడు 69కి దించాడు. 1792లో దొంగలెత్తుకుపోయాక మళ్ళీ కోత. ఇప్పుడు 45.52. సగానికి పైగా పోయింది, పోయినదాని ఊసే లేదు! 1958లో నగల వ్యాపారి హ్యారీ విన్‌స్టన్ దీన్ని మ్యూజియానికి పోస్టులో పంపాడు. మా అమ్మాయి గాజులు కూడా పోస్టులో పంపనివ్వదు.

జూన్ 9

లింకన్ స్మారకం. ఉత్తరపు గోడ మీద ‘ఫ్యూచర్’ అన్న మాటలో ‘ఎఫ్’ బదులు ‘ఈ’ చెక్కారు. కింది గీతని పూడ్చారు గాని ఆనవాలు పోలేదు. మనవరాలే కనిపెట్టింది. పుస్తకంలో అయితే అచ్చుతప్పు. ఇది ఉలితప్పు అనాలి కాబోలు.

సాయంత్రం మార్టిన్ లూథర్ కింగ్ విగ్రహం. 1968 ఫిబ్రవరి 4న అట్లాంటా ఎబెనీజర్ చర్చిలో ఆయన అన్నది వేరు: నన్ను ఊరేగింపు ముందు నడిచేవాడని అనదలిస్తే, న్యాయం కోసం నడిచాడని చెప్పండని. 2011 నాటికి రాతి మీద అది పది మాటలకు కుదిరింది. షరతు ఎగిరిపోయి, ‘నేనే ముందు నడిచాను’ మిగిలింది. పొగరుబోతులా కనిపిస్తున్నాడని కవయిత్రి మాయా ఏంజెలో మండిపడింది. 2013లో శిల్పి లే యిషిన్ ఆ అక్షరాల్ని చెక్కేసి చారలు దించాడు. తెలుగులో ఆ షరతు ‘తే’ అన్న ఒక్క అక్షరం. అంత చోటు లేకపోయిందా, ముప్పై అడుగుల రాతిలో? పొదుపంటే నాకూ ఇష్టమే గాని, కొల్లూరు రాయికి పోయింది బరువు. ఈ వాక్యానికి పోయింది మనిషి గొంతు.

జూన్ 11

మనవరాలు లాపిడరీ చీటీ వెనక తెలుగు మాట కావాలంది.

“రాయి” అన్నాను.

పెన్ను తీసింది. “ఏం రాయను?”